సాయంత్రం బజ్జీల బండి దాటాలంటే ఒక గ్లాసు అంబలి

మార్చి లెక్కల టెన్షన్‌లో నెల్లాళ్ళు రోజూ ఆఫీసు నుంచి వస్తా ఏడురోడ్ల దగ్గర మిరపకాయ బజ్జీలు, ఇంటికొచ్చి రాత్రి పదింటికి మళ్ళీ కారం దోసె, పని అయిపోయినా ఈ అలవాటు మాత్రం పోలే. ఒకేసారి అన్నీ మానేద్దామని రెండుసార్లు చూసినా, మూడో రోజుకే మళ్ళీ బండి దగ్గర ఉన్నా.

చివరికి పనిచేసింది మా అమ్మ చేసే రాగంబలే. రెండు పెద్ద స్పూన్ల రాగిపిండి అర గ్లాసు చల్లనీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న రెండు గ్లాసుల నీళ్ళలో పోసి, సిమ్‌లో ఏడెనిమిది నిమిషాలు కలుపుతానే ఉండాల, లేకుంటే అడుగంటుతుంది. ఆరినాక ఉప్పు, గ్లాసు మజ్జిగ, సన్నగా తరిగిన ఎర్రగడ్డ. పొద్దున్నే చేసి బాటిల్‌లో పోసుకొని పోతా, ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టి, ఇంటికి బయల్దేరే పది నిమిషాల ముందు తాగేస్తా. కడుపు నిండి ఉంటే బండి వాసన అంత లాగదు, నిజం చెప్తున్నా. రాత్రికి ఎనిమిదిలోపల చిన్న సంగటి ముద్ద, పప్పు, అంతే. ఆదివారం ఉగ్గాని బజ్జీ మాత్రం మానలే, అది కూడా తీసేస్తే నేను నిలబడను.

ఒకటి చూసుకోండి, అంబలి తాగినాం కదా అని రాత్రి తిండి ఎగరగొడితే పన్నెండింటికి ఆకలేసి మిక్చర్ డబ్బా తెరుస్తారు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళయితే డాక్టర్నడిగి మొదలుపెట్టండి.