'వా' అక్షరంతో పాపకి పేరు ఎలా సెలెక్ట్ చేసుకోవాలి

రోహిణి నక్షత్రం నాలుగు పాదాలకి (భాగాలకి) పేరు మొదటి అక్షరాలు వరుసగా ఓ, వా, వీ, వూ కదా, అంటే పాప రెండో పాదంలో పుడితే 'వా' వస్తుంది, అందుకే పుట్టిన టైమ్ కరెక్ట్‌గా రాసిపెట్టుకోండి, పాదం మారితే అక్షరమే మారిపోతుంది. వాణి, వాగ్దేవి రెండూ సరస్వతమ్మ పేర్లే. వాసవి అనగానే పెనుగొండ అమ్మవారే గుర్తొస్తారు. వాహిని అంటే ప్రవాహం, నది, సేన అనే అర్థం కూడా ఉంది, నాకైతే ఇదే చాలా ఇష్టం, పిలుస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో! నచ్చినవి రెండు మూడు ఇంటిపేరుతో కలిపి గట్టిగా పిలిచి చూడండి, నానమ్మకి నోరు తిరగాలి కదా. బారసాలలో బియ్యం మీద రాసేలోపే ఇంగ్లీష్ స్పెల్లింగ్ కూడా ఫిక్స్ చేసేయండి, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు 12 నెలల్లోపు చేర్పిస్తే లేట్ ఫీజు పడదు.