వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: పులకరింతకు ముందు ఏం జరిగింది?

ఈసారి లయ, ఊపిరి గురించి చెప్పాల్సి ఉంది. పోయిన పాఠానికి మీరు పంపిన పట్టికలు చూశాక దాన్ని వాయిదా వేస్తున్నాను.

అడిగింది ఇంతే: ఒక పాట వింటూ ఒళ్లు పులకరించిన చోటును నిమిషం, సెకనుతో మొదటి గడిలో రాయాలి. ఆ చోట పాటలో ఏం మారిందో రెండో గడిలో రాయాలి. మొదటి గడి దాదాపు అందరూ బాగానే నింపారు. రెండో గడిలో మాత్రం ఎక్కువమంది "డోపమైన్ విడుదలైంది" అని, అంటే ఆనందంతో ముడిపడిన ఒక మెదడు రసాయనం పేరు, రాశారు. ఒకరైతే మూడు పాటలకూ అదే రాసి, మూడోదానికి "ఇక్కడ బాగా ఎక్కువ" అని కూడా చేర్చారు.

ఎలా తెలిసింది? గుండె దడ మనకు తెలుస్తుంది. గొంతు పట్టేయడం తెలుస్తుంది, చేతి మీద వెంట్రుకలు లేవడం కంటికే కనిపిస్తుంది. డోపమైన్ అలా తెలిసేది కాదు. దాన్ని పట్టుకోవడానికి ఎంత తతంగం కావాలో ఒకసారి చూడండి. 2011లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, సంగీతం వింటే పులకరింత తప్పకుండా వచ్చేవాళ్లనే ఏరుకున్నారు. ఎవరికి ఇష్టమైన సంగీతాన్ని వాళ్లకే వినిపించారు. మెదడులో డోపమైన్ అతుక్కునే చోట్లకే తానూ అతుక్కునే ఒక రేడియోధార్మిక పదార్థాన్ని ముందే ఒంట్లోకి ఎక్కించారు. డోపమైన్ పెరిగితే ఆ పదార్థానికి చోటు తగ్గుతుంది. ఆ తగ్గుదలను, రేడియోధార్మిక పదార్థం మెదడులో ఎక్కడ ఎంత ఉందో చూపే పెట్ స్కాన్‌లో కొలిచారు. అయితే పెట్ స్కాన్‌తో ఎక్కడ పెరిగిందో తెలుస్తుంది గానీ, ఏ సెకనులో పెరిగిందో తెలియదు. అందుకని అదే మనుషులకు, మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుగ్గా ఉందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ కూడా చేసి, రెండింటినీ కలిపి చూశారు. మీరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్క మాటలో తేల్చేసింది ఇదన్నమాట.

డోపమైన్‌కు సంబంధం లేదని అనడం లేదు. 2019లో అచ్చయిన ఒక ప్రయోగంలో డోపమైన్‌ను పెంచే మందు ఇచ్చినప్పుడు సంగీతంలో ఆనందం పెరిగింది, అడ్డుకునే మందు ఇచ్చినప్పుడు తగ్గింది. కానీ ఆకలి మీద తిన్నప్పుడూ, ఆటలో గెలిచినప్పుడూ పనిచేసేది ఆ డోపమైనే. కాబట్టి రెండో గడిలో ఆ మాట రాస్తే మీ పాట గురించి ఏమీ రాయనట్టే. ఇక ముందు మెదడు భాగాల పేర్లు, రసాయనాల పేర్లు ఉన్న పట్టికలు నేను చదవను.

నిజానికి ఆ 2011 ప్రయోగంలో మనకు పనికొచ్చే విషయం వేరే ఉంది. పులకరింత వచ్చిన క్షణంలో న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగం చురుగ్గా ఉంది. దానికి కొన్ని సెకన్ల ముందు, రాబోయేదాని కోసం మనసు ఎదురుచూస్తున్నప్పుడు, కాడేట్ అనే మరో భాగం చురుగ్గా ఉంది. అంటే పులకరింత కంటే ముందే మెదడు పని మొదలుపెట్టేసింది. సంగీతంలో ఉద్వేగానికి మూలం ఎదురుచూపులోనే ఉందని లియొనార్డ్ మేయర్ అనే సంగీత సిద్ధాంతకర్త 1956లోనే రాశాడు. మీరు మాత్రం పులకరించిన సెకను దగ్గరే ఆగిపోయారు. ఇకపై అక్కడి నుంచి ఇరవై సెకన్లు వెనక్కి వెళ్లి వెతకండి.

ఏం వెతకాలి? వాద్యాలన్నీ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలిందా? అప్పటిదాకా లేని వాద్యం వచ్చిందా? పల్లవి వచ్చేస్తుందనుకున్న చోట ఇంకో వరుస అడ్డుపడి ఆలస్యమైందా? స్వరం పైకి వెళ్లి, కుదురుకోవాల్సిన చోట కుదురుకోకుండా పక్క స్వరం మీద వేలాడి, తర్వాత దిగిందా? శబ్దం హఠాత్తుగా పెరిగిందా? తాళం అలాగే ఉండి, గాయకుడు మాత్రం అర క్షణం ఆలస్యంగా అందుకున్నాడా? ఈ చివరిది పట్టుకోవడం కష్టం, నాకు బాగా ఇష్టమైనదీ అదే.

ఇప్పుడు ఒక పరీక్ష. పులకరింత వచ్చే చోటుకు కేవలం మూడు సెకన్ల ముందు నుంచి పాట పెట్టండి. అప్పుడూ వచ్చిందంటే కారణం బహుశా ఆ శబ్దంలోనో, ఆ గొంతులోనో, మీ జ్ఞాపకంలోనో ఉంది. మొదటి నుంచి విన్నప్పుడు మాత్రమే వస్తోందంటే అది ఎదురుచూపు చేసిన పని. ఈ రెండు రకాలుగానూ ఒకే రోజు వినకండి, చెవి అలవాటుపడిపోతుంది.

జ్ఞాపకాల సంగతి మీకు తెలిసిందే కాబట్టి సాగదీయను. కాలేజీ రోజుల పాట పెట్టుకుని కళ్లు చెమర్చాయంటే అందులో పాట వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. సాహిత్యంతోనూ అదే చిక్కు. నేనైతే మాటలు లేని సంగీతమే వాడతాను, వీడియో అసలు చూడను. మాటలు కావాల్సిందే అంటే మీకు రాని భాషలో పాట తీసుకోండి.

పులకరింతే రావడం లేదని ఇద్దరు ముగ్గురు టెన్షన్ పడ్డారు. అది రానివాళ్లు చాలామంది ఉంటారు. సంగీతంలో ఆనందమే కలగనివాళ్లు కొందరు ఉన్నారని 2014లో బార్సిలోనా పరిశోధకులు చూపించారు. డబ్బు గెలిచే ఆటలో వాళ్ల స్పందన మామూలుగానే ఉంది. వినడంలోనూ లోపం లేదు. మీకు పులకరింత రాకపోతే, తెలియకుండా ఊపిరి బిగబట్టిన చోటునో, కాలు ఆడించడం ఆపేసిన చోటునో గుర్తుపెట్టండి. పట్టికకు అది చాలు.

మోజార్ట్ వినిపిస్తే పిల్లలకు తెలివి పెరుగుతుందా అని అడిగినవాళ్లకు: ఈ మాట పుట్టింది 1993 నాటి ఒక ప్రయోగం నుంచి. అది పిల్లల మీద కాదు, కాలేజీ విద్యార్థుల మీద చేసింది. ఒక్క రకం పరీక్షలో కనిపించిన ఆ మెరుగు పావుగంటకు మించి నిలవలేదు.

అభ్యాసం. మీరు ఎప్పుడూ వినని, మాటలు లేని, ఐదు నిమిషాలకు తగ్గని సంగీతం ఒకటి ఎంచుకోండి. రోజుకు ఒకసారి చొప్పున ఏడు రోజులు, మొదటి నుంచి చివరిదాకా వినండి. మూడో రోజు నుంచి మధ్యమధ్యలో ఆపి, తర్వాత వచ్చే వరుసను మీరే పాడి, ఆ తర్వాత విని సరిచూసుకోండి. గొంతు బాగాలేకపోయినా పర్వాలేదు, పాడాల్సిందే. మీ ఊహ ఎక్కడ తప్పిందో, ఎక్కడ సరిపోయిందో రాసుకోండి. ఏడో రోజు పులకరింత గడి నింపి, దాన్ని ఈ ఊహల జాబితా పక్కన పెట్టి చూడండి. రెండో గడిలో శబ్దం గురించిన మాటలే ఉండాలి. "హాయిగా ఉంది" కూడా వద్దు.