సెకండ్ హ్యాండ్ కారు కోసం వెళ్లి ఉసూరుమంటూ వచ్చారా? సమస్యలు - పరిష్కారాలు

యాడ్‌లో తళతళలాడిన కారు దగ్గరికెళ్లి చూస్తే ఇంకోలా ఉండటం పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల చుట్టూ తిరిగేవాళ్లకు అలవాటే. ఇంజిన్ లోపం ఎంత పెద్దదైనా మెకానిక్ ఒక లెక్క చెప్తాడు, దాన్ని ధరలో తగ్గించమని అడగొచ్చు. కాగితాల్లో లోపం ఉంటే ఆ లెక్క ఎవరూ చెప్పలేరు. అందుకే కాగితాల గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను.

"అయ్యో, ఆ బండి నిన్ననే వెళ్లిపోయింది సార్"

కారణం: చాలాసార్లు ఆ ధరకు ఆ బండి అక్కడ ఉండనే ఉండదు. మనల్ని రప్పించడానికే ఆ యాడ్. ఇంత దూరం వచ్చినవాళ్లు ఉత్తచేతులతో పోరులే అని ఇంకోటి చూపిస్తారు. దాని ధర ఎక్కువే ఉంటుంది.

ఏం చేయాలి: బయల్దేరకముందే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. వీడియో కాల్‌లో తాళం తిప్పి మీటర్ చూపించమనండి. "వస్తే చెప్తాం సార్" అంటే ప్రయాణం మానుకోండి. నంబరు ఇస్తే కేంద్ర రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనర్, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా తెలుస్తాయి. "సింగిల్ ఓనర్" అన్న బండి అక్కడ మూడో ఓనర్ దగ్గర తేలితే మీ పెట్రోలు ఖర్చు మిగిలినట్టే.

బానెట్ మీద చెయ్యి పెడితే అప్పటికే వేడి

పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి మొరాయించే బండిని, మొదటిసారి పొగ కక్కే బండిని మనం వచ్చేలోపే కాసేపు నడిపి ఉంచుతారు. గొడవ పడక్కర్లేదు, "రేపు పొద్దున వస్తాను, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పి రండి. స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు వెనక నిలబడాలి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్టు. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్లటి ఆవిరి మామూలే. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందని, ఇంజిన్ లోపలి సీల్ అయిన హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని ఉండొచ్చని అనుమానించాలి.

రీడింగ్ 28 వేలు, స్టీరింగ్ మాత్రం అరిగి నున్నబడింది

మీటర్ వెనక్కి తిప్పి ఉంటారు. డిజిటల్ మీటర్ అయితే తిప్పలేరన్నది అపోహ. టైరు పక్కన కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2323 అంటే 2023లో 23వ వారంలో తయారైందని. 2019 బండి 28 వేలే తిరిగితే నాలుగు టైర్లూ 2023వి ఎందుకయ్యాయో వాళ్లనే అడగండి. ఆ తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆ నంబరు మీద చివరి సర్వీస్ ఎన్ని కిలోమీటర్ల దగ్గర జరిగిందో కనుక్కోండి.

డోర్ తీయగానే సెంటు వాసన గుప్పుమంది

లోపల బూజు వాసన ఉండి ఉండొచ్చు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు నీళ్లలో నానాయో అందరం చూశాం. అలాంటి బండ్లు కడిగించుకుని, పాలిష్ కొట్టించుకుని ఎక్కడో ఒకచోట అమ్మకానికొస్తాయి. ఏపీలో 2019 నుంచి జిల్లాల వారీ సిరీస్ లేదు కాబట్టి ఏపీ39 నంబరు చూసి అది ఏ ఊరి బండో చెప్పలేం.

సీటు బెల్టును చివరిదాకా, ఇక రాదన్నంత వరకు లాగండి. సీట్లు షాంపూతో కడిగించినవాళ్లు కూడా బెల్టు లోపలి చివర సంగతి మర్చిపోతారు. అక్కడ బురద చార కనిపిస్తుంది. సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ లోపల తేమ కూడా చూడండి. వీటిలో రెండు కనిపించాయంటే బేరం వద్దు. వైరింగ్‌లోకి నీళ్లు పోయిన బండి ఎప్పుడు ఏ సెన్సార్ దగ్గర ఆగుతుందో మెకానిక్ కూడా చెప్పలేడు.

"ఓనర్ గారు అమెరికాలో ఉన్నారు, సంతకాలు ముందే పెట్టించాం"

తెలుగు ఊళ్లలో ఈ మాట నిజం కూడా కావచ్చు, అదే చిక్కు. ఓనర్ పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 ఖాళీగా ఉండగానే సంతకాలు తీసుకుని, బండిని తమ పేరు మీదికి మార్చుకోకుండానే చేతులు మార్చడం పాత పద్ధతి. ఆర్టీఏ ఆఫీసులో సంతకం సరిపోలేదంటే మీరు ఆ ఓనర్ కోసం వెతుక్కోవాలి.

2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం దీనికి దారి చూపించింది. పాత బండ్ల డీలర్ ఆర్టీఏ దగ్గర ఫారం 29బీ అనుమతి పత్రం తీసుకోవాలి, ఓనర్ బండి అప్పగించినట్టు ఫారం 29సీ పెట్టాలి. అవి ఉంటే మీ పని తేలిక. అడిగితే తెల్లమొహం వేస్తే ఓనర్‌తో వీడియో కాల్ పెట్టించమనండి. ఆర్సీలో పేరున్నవారే చట్టం దృష్టిలో ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. రేపు ప్రమాదం జరిగితే బాధ్యత తన మీదికొస్తుందని తెలిసిన ఓనర్ ఐదు నిమిషాలు మాట్లాడటానికి వెనకాడడు.

ఆర్సీలో ఫైనాన్స్ కనిపిస్తే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్సీలోంచి ఫైనాన్స్ తీయించే ఫారం 35 చేతికొచ్చాకే మాట్లాడండి. "లోన్ ఎప్పుడో అయిపోయింది సార్" అన్న మాట సరిపోదు. ఢిల్లీ నంబరు డీజిల్ కారు చవగ్గా దొరికితే ఆశ్చర్యపోకండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లోనే ఆంక్షలొచ్చాయి, ఆ వయసు దగ్గరపడ్డవి ఇటు వస్తాయి. బండి బాగానే ఉండొచ్చు. కానీ అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి.

ఇన్సూరెన్స్ పేరు మార్పిడికి బండి చేతులు మారాక 14 రోజులే గడువు. అప్పటిదాకా థర్డ్ పార్టీ కవర్ నడుస్తుంది, మీ సొంత డ్యామేజీకి మాత్రం క్లెయిమ్ కష్టం. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, "ప్రీమియం తక్కువే" అని చెప్పినా నమ్మకండి.

బేరం కుదిరాక ధర పెరిగింది

ఆర్టీఓ చార్జీలు, ఫైల్ చార్జీలు అంటూ చివర్లో కలుపుతారు. చేతికొచ్చేసరికి మొత్తం ఎంతో ముందే వాట్సాప్‌లో రాసి పంపించమనండి.

అడ్వాన్స్ ఇరుక్కుపోయింది

"ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది" అన్న టెన్షన్‌లోనే ఎక్కువమంది టోకెన్ కట్టేస్తారు. కడితే ఆన్‌లైన్‌లో కట్టండి. రసీదులో బండి నంబరు, "కాగితాలు సరిగా లేకపోతే అడ్వాన్స్ వాపసు" అన్న మాట రాయించండి. "తిరిగి ఇవ్వం" అని మొండికేస్తే రాతపూర్వకంగా అడిగి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు, లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు.