సకినం గీస్తే జిలేబీ అంటున్నారా? చిరుతిళ్ల పోస్టుల్లో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

హైదరాబాద్‌లో చిరుతిళ్ల బ్రాండ్లకు ఇన్‌స్టాగ్రామ్ బొమ్మలు వేయడం నా పని. సకినాలు, కారప్పూస, మిక్చర్, ఉస్మానియా బిస్కెట్లు రోజూ గీస్తుంటాను. క్లయింట్ చెప్పే ఫిర్యాదు ఒకచోట ఉంటుంది, తప్పు జరిగిన చోటు ఇంకెక్కడో ఉంటుంది. ఎక్కువసార్లు అది స్టైలస్ పట్టుకోకముందే జరిగిపోయి ఉంటుంది. అందుకే ఫిర్యాదు నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్తాను.

"సకినం వేశారా? జిలేబీ అనుకున్నాం"

కారణం: ఫొటో చూసి గీయడం. పైనుంచి తీసిన ఫొటోలో సకినం, మురుకు, జిలేబీ మూడూ చుట్టలుగానే కనిపిస్తాయి. వాటి మధ్య తేడా, వాటిని తయారు చేసే పద్ధతిలో ఉంది. సకినాల పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ గుడ్డ మీద చుడతారు. అందుకే ఒక్కో చుట్టు సన్నని తాడులా మెలికలుగా, ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా ఉంటుంది. నువ్వులు, వాము పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. రంగు మీగడ రంగుకు దగ్గర. ముదురు గోధుమ రంగు వేస్తే మాడిపోయిన సకినం అవుతుంది. మురుకు గొట్టంలోంచి దిగుతుంది కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం, పొడుగునా గీతలు. జిలేబీ పాకం పీల్చుకుంటుంది కాబట్టి వెలుతురు దాని లోపలికి దూరి అంచులు మెరుస్తాయి.

పరిష్కారం: పావుకిలో కొనుక్కురండి. పళ్లెంలో వేసి కిటికీ దగ్గర పెట్టండి. ఒకటి విరిచి, విరిగిన చోటును దగ్గరగా చూసి గీయండి, ఆ తర్వాత తినండి. కాగితం మీద నాలుగైదు స్కెచ్‌లు వేశాకే ట్యాబ్ తెరవండి. పూర్తయ్యాక లోగో, అక్షరాలు తీసేసి బొమ్మ మాత్రం ఇంట్లో ఎవరికైనా చూపించండి. పేరు అడగకుండానే చెప్పారంటే బొమ్మ కుదిరినట్టు.

"బొమ్మ బాగుంది కానీ తినాలనిపించట్లేదు"

దీనికి సాధారణంగా మూడు కారణాలుంటాయి, తరచూ మూడూ కలిసే వస్తాయి. మొదటిది, నీడకు నలుపు వాడటం. నూనెలో వేగిన పసుపు రంగు మీద నలుపు కలిపితే బూడిద, ఆకుపచ్చ కలిసిన పాచి రంగు వస్తుంది. నీడను ఎర్రటి గోధుమ రంగులోకి తీసుకెళ్లండి. రెండోది, అన్నిటికీ ఒకే తెల్లటి మెరుపు పెట్టడం. కారప్పూసకు నూనె మెరుపు చిన్న చిన్న చుక్కల్లా ఉంటే చాలు. ఉస్మానియా బిస్కెట్‌కు అసలు మెరుపు పెట్టకండి. అది మెరిస్తే ప్లాస్టిక్ బిళ్లలా కనిపిస్తుంది. అంచు కాస్త ముదురుగా, మధ్య లేతగా, కింద నాలుగు పొడి రవ్వలు ఉంటే నోరూరుతుంది.

మూడోది బ్యాక్‌గ్రౌండ్. వేయించినవన్నీ పసుపు, గోధుమ రంగులే. వాటిని చెక్క బల్ల మీద పెట్టి గీస్తే కలిసిపోతాయి. ఫైల్‌ను ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అప్పుడు తినుబండారం విడిగా కనపడకపోతే రంగులతో ఎంత తంటాలు పడినా లాభం లేదు. ముదురు నీలం, నెమలికంఠం రంగు, చెరియాల్ బొమ్మల్లో కనిపించేలాంటి నిండు ఎరుపు బాగా పనికొస్తాయి. కరకరలాడేదాన్ని గుండ్రటి అంచులతో గీయకండి. విరిగిన ముక్క, కోసుగా ఉన్న అంచు చూస్తేనే ఆ శబ్దం గుర్తొస్తుంది.

"తెలుగు అక్షరాలు విడిపోయాయి"

'బిస్కెట్'లో స్కె, 'ఉస్మానియా'లో స్మా ముక్కలై పక్కపక్కన పడటం చూసే ఉంటారు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ఇది ఎక్కువ. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి దక్షిణాసియా భాషల ఆప్షన్ ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి. ఇలస్ట్రేటర్‌లో అయితే ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేయాలి. అను ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్‌ను అలాగే పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే అక్షరాల పద్ధతి) కావు. యూనికోడ్‌లోకి మార్చుకుని రామభద్ర, మండలి, సురన్న లాంటి ఉచిత ఫాంట్లు వాడుకోవచ్చు. వరుసల మధ్య దూరం ఆటోలో వదిలేయకండి. అడోబీ ఆటో 120 శాతం ఇస్తుంది. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తగలకుండా ఉండాలంటే నేను 140 నుంచి 150 దాకా పెడతాను.

"ప్యాకెట్ రంగు ఇది కాదు" / "లోగో సగం తెగింది"

రంగులు చచ్చుగా ఉంటే ఫైల్ సీఎంవైకేలో, అంటే ప్రింటింగ్‌కు వాడే రంగుల పద్ధతిలో ఉందేమో చూడండి. ఫోన్ తెరకు ఎస్‌ఆర్‌జీబీ, అంటే తెరల కోసం వాడే రంగుల పద్ధతి కావాలి. ప్యాకెట్ రంగును ఫొటోలోంచి తీసుకోకండి. మెరిసే కవరు మీద లైటు పడి ప్రతి ఫొటోలో ఒక్కో రంగు వస్తుంది. ఖాళీ కవరు పక్కన పెట్టుకుని, పగటి వెలుతురులో కంటితో పోల్చుకుని రంగు ఖాయం చేయండి.

లోగో తెగడానికి కారణం గ్రిడ్, అంటే ప్రొఫైల్ తెరిస్తే పోస్టులన్నీ గళ్లలా కనిపించే చోటు. 2025 జనవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ గ్రిడ్ 3:4 కొలతలోకి మారింది. 1080×1080 చదరపు పోస్ట్ వేస్తే గ్రిడ్‌లో రెండు పక్కలా 135 పిక్సెళ్లు కనిపించవు. 1080×1350లో వేస్తే పోయేది ఒక్కో పక్క 34 పిక్సెళ్లే.

"మేం కొన్న మిక్చర్‌లో ఇన్ని జీడిపప్పులు లేవే"

ఈ కామెంట్ వస్తే తప్పు మనదే. పిడికెడు మిక్చర్ కాగితం మీద పోసి ఏది ఎంత ఉందో లెక్కపెట్టి, బొమ్మలోనూ అదే పాళ్లలో వేయండి. మాటల్లోనూ జాగ్రత్త అవసరం. 'ఫ్రెష్', 'ప్యూర్', 'నాచురల్' లాంటి పదాలను ఎప్పుడు వాడొచ్చో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్రకటనల నిబంధనలు చెబుతాయి. క్లయింట్ ఆధారం చూపించేదాకా ఆ పదాలు డిజైన్‌లో పెట్టను.

"పండుగ పోస్ట్‌కు తిట్లు పడ్డాయి"

ఇది నాకే జరిగింది. ఒక చిన్న బ్రాండ్‌కు బతుకమ్మ తొమ్మిది రోజులకూ తొమ్మిది పోస్టులు చేశాను. అన్నిటిలోనూ బతుకమ్మ పక్కన సకినాల పళ్లెం పెట్టాను. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం పెట్టరు. కామెంట్లలో అక్కలు, అమ్మలు నొచ్చుకుని రాశారు. బొమ్మలో తంగేడు, గునుగు లేవని, బంతిపూలే ఉన్నాయని కూడా చెప్పారు. వాళ్ల మాట నిజం. ఒక టెంప్లేట్ గీసి తొమ్మిదిసార్లు రంగులు మార్చాను, ఏ రోజు ఏంటని ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు పండుగకు నెల ముందే సిద్దిపేటలో ఉండే మా పిన్నికి ఫోన్ చేస్తాను. రోజు పేరు, ఆ రోజు నైవేద్యం, వాడే పూలు రాసుకుని, స్కెచ్‌లు వాట్సాప్‌లో పంపి ఆమె సరేనన్నాకే రంగులు వేస్తాను. ఆరో రోజు తినుబండారం లేకుండా పూలు మాత్రమే. ఏడో రోజు వేపకాయల బతుకమ్మ. ఆ రోజు పిండిని వేపకాయల ఆకారంలో చేసి వేయిస్తారు. కిందటేడు పిన్ని చేసి డబ్బాలో పంపిన వేపకాయలను కిటికీ దగ్గర పళ్లెంలో పోసుకుని ఆ పోస్ట్ గీశాను.