లోహాల పాఠం, 4వ భాగం: మైలతుత్తంలో ఇనప మేకు

పోయినసారి ఒక ప్రశ్న ఇచ్చి వదిలేశా కదా, రాగిని సుత్తితో కొడితే రేకులా సాగుతుంది, రాళ్ళుప్పుని కొడితే పొడైపోతుంది, ఎందుకని. ఉప్పులో ప్లస్ అయాన్ పక్కన మైనస్ అయాన్ (అయాన్ అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకునో, అందుకునో ప్లస్ లేదా మైనస్ ఆవేశం వచ్చిన పరమాణువు) వరసగా ఉంటాయి, దెబ్బకి ఒక వరస కాస్త జరిగిందంటే ప్లస్‌కి ఎదురు ప్లస్ వచ్చి పడుతుంది, తోసేసుకుంటాయి, పగిలిపోద్ది. రాగిలో ఆ గొడవ లేదు. బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువు సొత్తూ కాదు, ముక్కంతా తిరుగుతుంటాయి కాబట్టి వరస జరిగినా బంధం తెగదు.

సరే, ఇవాళ్టి పని. ఆ ఎలక్ట్రాన్లని ఏ లోహం ముందు వదిలేస్తుందో మన కళ్ళతో చూద్దాం. పురుగుమందుల షాపులో మైలతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, కొంచెం తెచ్చుకుని పాత గాజు సీసాలో అర గ్లాసు నీళ్ళు పోసి అర చెంచా కలపండి (విషం అది, వంటగిన్నెలు వాడొద్దు, పిల్లలకి అందనివ్వొద్దు). జింకు పూత లేని మామూలు ఇనప మేకుని గరుకు కాగితంతో బాగా రుద్ది అందులో వెయ్యండి.

అరగంట ఆగి తీస్తే మేకు ఎర్రగా ఉంటుంది. తుప్పు అనుకునేరు, అది రాగి! ఇనప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు రాగి అయాన్‌కి ఇచ్చేసి తను నీళ్ళలోకి దిగిపోయింది, అవి అందుకున్న రాగి లోహమై మేకుకి అంటుకుంది. నీలం రంగు రాగి అయాన్లదే కాబట్టి అలాగే ఉంచేస్తే మెల్లగా వెలిసి లేత ఆకుపచ్చకి తిరుగుతుంది. ఇప్పుడు తిరగేసి చూడండి, అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటే, ఆ నీళ్ళలో రాగి తీగ వేసి ఎంతసేపు కూర్చున్నా ఏమీ జరగదు.

ఎలక్ట్రాన్లని ఏది ముందు వదిలేస్తుందో ఆ వరస ఇదీ: పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింకు, ఇనుము, సీసం, రాగి, వెండి, బంగారం. పైన ఉన్నది కిందదాన్ని దాని లవణంలోంచి గెంటేస్తుంది. బట్టీ పట్టేకన్నా ఇలా రెండు సీసాలు పెట్టుకుంటే బుర్రలో నిలుస్తుందని నా నమ్మకం.

బత్తాయి, నిమ్మ తోటలున్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు. తెగుళ్ళకి చెట్ల మీద కొట్టే 1 శాతం బోర్డో మిశ్రమానికి కిలో మైలతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. కలిపాక అందులో ఇనప కత్తి ముంచి చూస్తారు, కత్తి ఎర్రబడితే సున్నం చాల్లేదని, రాగి అయాన్లు ఇంకా విడిగా ఉన్నాయని అర్థం, అలాగే కొడితే ఆకులు మాడతాయి, ఇంకాస్త సున్నపు నీళ్ళు పోస్తారు. ఇనప డ్రమ్ములో కలపొద్దనేదీ ఇందుకే, మన మేకు చేసిన పనే డ్రమ్ము చేస్తుంది.

ఇంటిపని: మేకు బదులు చిన్న అల్యూమినియం ఫాయిల్ ముక్క వెయ్యండి. వరసలో ఇనుముకన్నా పైన ఉంది కదా, అయినా ఏమీ జరగదు. అప్పుడు చిటికెడు ఉప్పు వేసి చూడండి. ఉప్పు ఏం చేసిందో మీరే ఊహించి రాసి పెట్టుకోండి, 5వ భాగం అక్కణ్ణుంచే మొదలుపెడతా. మిగిలిన నీళ్ళు మాత్రం చెరువులో పారబొయ్యకండి, చేపలు చస్తాయి.