బ్యాకప్ వాల్యూమ్ రీసైకిల్ కావట్లేదా? బాక్యులాలో ఇలా వెతికి పట్టుకోండి

పొద్దున్నే వచ్చి చూస్తే రాత్రి మొదలైన బ్యాకప్ జాబ్ ఇంకా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. నిజానికి నడవట్లేదు, నిలబడిపోయింది. రాయడానికి వీలున్న వాల్యూమ్ ఒక్కటీ దొరకలేదు, లేబుల్ కమాండ్‌తో కొత్తది తయారు చేయండి అన్న సందేశం మెయిల్‌లో ఉంటుంది. డిస్క్ నిండా పాత బ్యాకప్ ఫైళ్లే. వాటి గడువు ఎప్పుడో తీరిపోయిందని మన లెక్క. మరి వాటినే తుడిచి వాడుకోవచ్చు కదా? ఎందుకు వాడుకోదు?

బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే ప్రతివాళ్లకీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. (బ్యాకప్, డ్రాక్యులా కలిపితే వచ్చిన పేరు అది. రాత్రిపూట వచ్చి కంప్యూటర్ల సారం పీల్చుకుపోతుందని దాన్ని తయారుచేసినవాళ్లే జోకేశారు.) దీని నుంచి విడివడిన బారియోస్ వాడేవాళ్లకీ కింద చెప్పేది చాలావరకు పనికొస్తుంది. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, బీకన్సోల్‌లో (బాక్యులాకి కమాండ్లిచ్చే ప్రోగ్రామ్) మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు అది ఎలా ఆలోచిస్తుందో చూద్దాం

వాల్యూమ్ అంటే టేపుల కాలంలో ఒక టేపు. డిస్క్ మీదైతే ఒక ఫైలు. ఏ వాల్యూమ్‌లో ఏముందో క్యాటలాగ్ అనే డేటాబేస్‌లో రాసుకుంటుంది. జాబ్ మొదలవగానే వాల్యూమ్ కోసం వెతుకులాట మొదలు. మొదట అపెండ్ స్థితిలో, అంటే ఇంకా రాయడానికి తెరిచి ఉన్నది ఏదైనా ఉందా అని చూస్తుంది. లేకపోతే ఇప్పటికే రీసైకిల్, పర్జ్‌డ్ అని గుర్తు పడినవి. అవీ లేకపోతే గడువు తీరినవాటి రికార్డులు క్యాటలాగ్‌లోంచి తీసేసి, వాటిలో ఒకదాన్ని తీసుకుంటుంది. ఆ తర్వాత స్క్రాచ్ పూల్‌లో చూస్తుంది (పూల్ అంటే ఒకే సెట్టింగులతో నడిచే వాల్యూమ్‌ల గుంపు; స్క్రాచ్ అంటే ఏ పూల్‌కైనా ఇవ్వడానికి పక్కన ఉంచిన వాల్యూమ్‌ల గుంపు). అప్పటికీ దొరక్కపోతే, మీరు అనుమతి ఇచ్చి ఉంటే, కొత్తది సృష్టిస్తుంది. ఆ దారీ మూసుకుపోతే మిమ్మల్ని పిలుస్తుంది.

పాత డేటాని చివరి నిమిషం దాకా పట్టుకుని ఉండటమే దాని స్వభావం. గడువు తీరగానే తుడిచేయదు, అవసరం పడ్డప్పుడే తుడుస్తుంది. అందుకే గడువు దాటినా వాల్యూమ్ ఫుల్ అనో యూజ్‌డ్ అనో కనిపిస్తూ ఉంటే కంగారు పడక్కర్లేదు.

గడువు ఎప్పట్నుంచి లెక్కపెడుతుందన్నది ఇంకో సంగతి. వాల్యూమ్ మొదలైన రోజు నుంచి కాదు. దాని మీద ఆఖరి అక్షరం రాసిన క్షణం నుంచి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇక్కడే తేలాయి.

1. జాబితా తీసి అంకెలు చదవండి

బీకన్సోల్ తెరిచి లిస్ట్ వాల్యూమ్స్ కొట్టండి. పూల్ వారీగా పట్టిక వస్తుంది. చూడాల్సినవి నాలుగే నాలుగు గళ్లు: వాల్‌స్టేటస్ (స్థితి), వాల్‌రిటెన్షన్ (గడువు), రీసైకిల్, లాస్ట్‌రిటెన్ (చివరిసారి రాసిన తేదీ). కొత్త వెర్షన్లలో గడువు ఇంకెంత మిగిలిందో చూపే గడి కూడా ఉంటుంది.

వాల్‌రిటెన్షన్ సెకన్లలో ఉంటుంది, అక్కడే చాలామంది కళ్లు జారిపోతాయి. 14 రోజులంటే 12,09,600.  దాని బదులు 31536000 కనిపించిందనుకోండి, అది 365 రోజులు. పూల్‌లో మీరేమీ రాయకపోతే బాక్యులా తనంతట తాను పెట్టుకునే గడువు అదే. మీ కాన్ఫిగ్ ఫైల్లో 14 రోజులని ఉండి, ఇక్కడ ఏడాది ఉంటే నేరుగా మూడో అడుగుకి వెళ్లండి.

2. ఎప్పటికీ మూతపడని వాల్యూమ్ ఉందేమో చూడండి

నేనే చేసిన తప్పు ఇది. ఒక చిన్న ఆఫీసుకి 4 టీబీ డిస్క్ పెట్టి, ఒక పూల్, ఒక వాల్యూమ్, 30 రోజుల గడువు అని ఏర్పాటు చేశాను. నెల దాటగానే పాతవి తుడుచుకుంటూ తనే సర్దుకుంటుందని నా ధీమా. కొన్ని నెలల తర్వాత డిస్క్ నిండిపోయింది. లోపల చూస్తే ఒకే ఒక్క ఫైలు, 3.6 టీబీ. స్థితి అపెండ్. చివరిసారి రాసిన తేదీ నిన్న రాత్రి.

రోజూ రాస్తున్నంతకాలం గడువు రోజూ మొదటికే వస్తుంది. 30 రోజులు ఎప్పటికీ పూర్తికావు. పైగా వాల్యూమ్‌లో సగం తుడిచి సగం ఉంచడం బాక్యులాకి చేతకాదు. తుడిస్తే మొత్తం తుడవాలి.

కాబట్టి వాల్యూమ్ ఎక్కడో ఒకచోట మూతపడాలి. పూల్‌లో ఈ మూడింటిలో ఒకటైనా ఉండాలి: మాగ్జిమమ్ వాల్యూమ్ జాబ్స్ (ఇన్ని జాబ్‌లు రాశాక మూసెయ్), వాల్యూమ్ యూజ్ డ్యూరేషన్ (మొదటిసారి రాసినప్పటి నుంచి ఇంతసేపయ్యాక మూసెయ్), మాగ్జిమమ్ వాల్యూమ్ బైట్స్ (ఇంత సైజు అయ్యాక మూసెయ్). రోజువారీ బ్యాకప్‌కి నేను యూజ్ డ్యూరేషన్ 23 గంటలు పెడతాను. ఆ రాత్రి జాబ్‌లన్నీ ఒకే ఫైల్లోకి వెళ్తాయి, మర్నాడు రాత్రికి కొత్తది. ఒక తిరకాసు ఉంది: 23 గంటలు అయిపోయినా పట్టికలో అపెండ్ అనే కనిపిస్తుంది. తర్వాతి జాబ్ వచ్చి అడిగినప్పుడే అది యూజ్‌డ్‌గా మారుతుంది. మధ్యాహ్నం చూసి సెట్టింగ్ పనిచేయలేదని మళ్లీ మార్చకండి.

ఇప్పటికే కొండలా పెరిగిన వాల్యూమ్ ఉంటే అప్‌డేట్ వాల్యూమ్‌తో దాని స్థితిని యూజ్‌డ్‌గా మార్చండి. అక్కణ్ణుంచి దాని గడువు నిజంగా నడుస్తుంది. ఆ గడువు తీరేదాకా రాయడానికి వేరే చోటు మాత్రం మీరే చూడాలి. నేను పాత డిస్క్ ఒకటి అరువు తెచ్చుకుని నెల నడిపించాను.

3. కాన్ఫిగ్ మార్చారు సరే, వాల్యూమ్‌కి చెప్పారా?

డైరెక్టర్ (జాబ్‌లన్నిటినీ నడిపించే ప్రధాన ప్రోగ్రామ్) కాన్ఫిగ్ ఫైల్లో గడువు మార్చి, రీలోడ్ కొట్టి, అయిపోయిందనుకుంటాం. కాలేదు. పూల్‌లో రాసిన గడువు, రీసైకిల్ అవునా కాదా, జాబ్‌ల పరిమితి, ఇవన్నీ వాల్యూమ్ పుట్టినప్పుడు దాని రికార్డులోకి కాపీ అవుతాయి. ఆ తర్వాత పూల్ మారినా పాత వాల్యూమ్‌కి పట్టదు. పుట్టిన నాటి జాతకమే దానికి లెక్క.

వరస ఇది. ఫైలు మార్చాక తప్పులున్నాయేమో బాక్యులా డైరెక్టర్ ప్రోగ్రామ్‌ని మైనస్ టీ ఆప్షన్‌తో నడిపి చూసుకోండి. బీకన్సోల్‌లో రీలోడ్ కొట్టండి. అప్‌డేట్ కొట్టి, పూల్ ఫ్రమ్ రిసోర్స్ ఎంచుకోండి. దీంతో క్యాటలాగ్‌లోని పూల్ మారుతుంది. మళ్లీ అప్‌డేట్ కొట్టి, వాల్యూమ్ పారామీటర్స్‌లోకి వెళ్లి, ఆల్ వాల్యూమ్స్ ఫ్రమ్ పూల్ ఎంచుకోండి. దీంతో వాల్యూమ్‌లు మారతాయి. ఇందులో మొదటిది చేసి రెండోది మర్చిపోవడం మామూలే. చేశాక లిస్ట్ వాల్యూమ్స్ మళ్లీ తీసి, ఆ సెకన్ల అంకె మారిందో లేదో కళ్లారా చూడండి.

4. ఎన్ని వాల్యూమ్‌లు కావాలో వేళ్ల మీద లెక్కపెట్టండి

రోజుకో వాల్యూమ్, 14 రోజుల గడువు, పూల్‌లో మాగ్జిమమ్ వాల్యూమ్స్ 14. చూడ్డానికి సరిగ్గా సరిపోయినట్టుంది. కానీ జాబ్ రాత్రి 11కి మొదలై 11.40కి అయిపోతుందనుకోండి. ఒకటో తేదీ వాల్యూమ్ గడువు 15వ తేదీ రాత్రి 11.40కి తీరుతుంది. 15న జాబ్ 11కే వచ్చి వాల్యూమ్ అడుగుతుంది. నలభై నిమిషాలు తక్కువ! కొత్తది సృష్టించడానికి పరిమితి ఒప్పుకోదు. జాబ్ ఆగిపోతుంది.

అందుకే ఒకటి రెండు ఎక్కువే ఉంచండి, పై లెక్కకి 16. లేదా గడువుని 13 రోజుల 12 గంటలకి తగ్గించండి. మధ్యలో ఎవరైనా చేత్తో అదనంగా ఒక బ్యాకప్ నడిపితే కూడా ఈ లెక్క తప్పుతుందని గుర్తుంచుకోండి.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. లేబుల్ ఫార్మాట్ (కొత్త వాల్యూమ్‌లకి తనే పేరు పెట్టుకుని సృష్టించుకోమనే సెట్టింగ్) పెట్టి, మాగ్జిమమ్ వాల్యూమ్స్ పెట్టకపోతే, గడువు తీరినది దొరకని ప్రతిసారీ కొత్త ఫైలు పుట్టుకొస్తుంది. సందేశాలేవీ రావు, అంతా పచ్చగా ఉంటుంది, ఒకరోజు డిస్కే నిండిపోతుంది.

5. చిన్నాచితకా కారణాలు

రీసైకిల్ గడిలో 0 ఉంటే ఎంతకాలమైనా రీసైకిల్ కాదు. ఎనేబుల్డ్ 0 ఉన్నా, స్థితి రీడ్‌ఓన్లీ లేదా ఆర్కైవ్ అయినా అంతే. వాల్యూమ్ వేరే పూల్‌లో ఉన్నా, దాని మీడియా టైప్ స్టోరేజ్‌లో రాసిన మీడియా టైప్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవకపోయినా జాబ్ దాన్ని చూడనే చూడదు. ఆటోప్రూన్ నో అని ఉంటే గడువు తీరినవాటిని తనంతట తాను వదలదు.

ఎర్రర్ స్థితి కనిపిస్తే మాత్రం ఆగి ఆలోచించండి. డిస్క్ నిండినప్పుడో, కరెంటు పోయినప్పుడో ఫైలు సైజుకీ క్యాటలాగ్ లెక్కకీ తేడా వస్తే అలా గుర్తు పెడుతుంది. ముందు డిస్క్ బాగుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే స్థితిని యూజ్‌డ్‌గా మార్చండి.

6. ప్రూన్ వేరు, పర్జ్ వేరు

రెండూ క్యాటలాగ్‌లోంచి రికార్డులు తీసేసే కమాండ్లే. ప్రూన్ గడువుని గౌరవిస్తుంది. గడువు తీరనిదాన్ని ముట్టుకోదు. పర్జ్ గడువు చూడదు, ఆ వాల్యూమ్‌లోని జాబ్‌ల రికార్డులన్నీ క్యాటలాగ్‌లోంచి తీసేస్తుంది. టెన్షన్‌లో ఉన్నప్పుడు చెయ్యి పర్జ్ మీదకే పోతుంది. ముందు క్వెరీ కమాండ్‌తో ఆ వాల్యూమ్‌లో ఏ జాబ్‌లున్నాయో చూడండి. అందులో ఆఖరి ఫుల్ బ్యాకప్ ఉంటే దాని మీద ఆధారపడ్డ ఇంక్రిమెంటల్స్ (మారిన ఫైళ్లు మాత్రమే తీసిన బ్యాకప్‌లు) అన్నీ ఉత్తవైపోతాయి. మర్నాడు జాబ్ లాగ్‌లో, పాత ఫుల్ బ్యాకప్ కనపడలేదు కాబట్టి ఫుల్ చేస్తున్నా అన్న సందేశం వస్తుంది, డిస్క్ ఇంకా తొందరగా నిండుతుంది. నెలకో ఫుల్ తీసేవాళ్లు దానికి వేరే పూల్ పెట్టి, గడువు నెల కన్నా బాగా ఎక్కువ ఉంచాలి. పొరపాటున పర్జ్ చేస్తే, దాని మీద కొత్తగా రాయకముందే రీడ్‌ఓన్లీ చేయండి. డేటా ఇంకా ఫైల్లోనే ఉంటుంది, బీస్కాన్ అనే టూల్‌తో క్యాటలాగ్‌లోకి తిరిగి తెచ్చుకోవచ్చు.

అందుకే పర్జ్ చేసినా డిస్క్‌లో ఖాళీ పెరగదు. 50 జీబీ ఫైలు 50 జీబీగానే ఉండి, తిరిగి వాడినప్పుడు మొదటి నుంచి రాయబడుతుంది. ఖాళీ వెంటనే కావాలంటే పూల్‌లో యాక్షన్ ఆన్ పర్జ్ = ట్రంకేట్ పెట్టి, మూడో అడుగులోలా దాన్ని వాల్యూమ్‌లకీ చేరవేసి, ట్రంకేట్ కమాండ్ ఇవ్వాలి. లైనక్స్‌లో ఫైలుని నేరుగా ఆర్‌ఎమ్‌తో తీసేయకండి. క్యాటలాగ్ అది ఉందనే నమ్ముతుంది, ఏదో రాత్రి దాన్నే అడిగి జాబ్ ఆగిపోతుంది. తీసేయాల్సిందే అయితే ఫైలుతో పాటు డిలీట్ వాల్యూమ్ కూడా ఇవ్వాలి. డిలీట్ ఒక్కటే ఇస్తే క్యాటలాగ్‌లో పేరు పోతుంది, డిస్క్ మీద ఫైలు మిగులుతుంది.

రాత్రి దాకా ఆగకుండా పరీక్షించండి

స్టేటస్ డైరెక్టర్ కొడితే రాబోయే జాబ్‌ల పక్కన ఏ వాల్యూమ్ వాడబోతోందో ఉంటుంది. అక్కడ అన్‌నోన్ అని ఉంటే ఇంకా ఏదో మిగిలింది, మళ్లీ మొదటి అడుగు నుంచి చూడండి. పాత వాల్యూమ్ పేరు కనిపిస్తే జాబ్‌ని చేత్తో ఒకసారి నడిపి, లాగ్‌లో ఆ వాల్యూమ్ రీసైకిల్ అయిందన్న లైను వచ్చిందో లేదో చూసుకుని ఇంటికెళ్లండి.