ముడి జారిందా, తెగిందా? గాలం దారం కొసను బట్టి కారణం, పరిష్కారం

చేప తెంపుకొని పోగానే చాలామంది దారం నాసిరకమని తీర్మానించి, మిగిలిన కొసను కత్తిరించి పారేసి, కొత్త గాలానికి మళ్లీ అదే ముడి వేస్తారు. పారేసిన ఆ కొసలోనే కారణం ఉంటుంది. కత్తెర తీసే ముందు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, గోటితో తడిమితే, తప్పు ముడిదో, దాన్ని బిగించిన తీరుదో, దారానిదో చాలావరకు తెలిసిపోతుంది.

దారాలు ముఖ్యంగా మూడు రకాలు. తంగూసు అని మనం పిలిచే ఒంటిపోగు నైలాన్ మెత్తగా, కాస్త సాగుతుంది. ఫ్లోరోకార్బన్ చూడటానికి తంగూసులాగే ఉన్నా గట్టిది, అంత సులువుగా వంగదు. సన్నని పాలిథిలీన్ పోగులను జడలా పేని చేసే అల్లిక దారం దాదాపు సాగదు, పైగా చాలా నున్నగా ఉంటుంది. ఒకదానికి నప్పిన ముడి మరొకదానికి నప్పకపోవడానికి ఈ తేడాలే మూలం.

కొస నులితీగలా చుట్టలు తిరిగి ఉంది

తంగూసు తెగలేదు, ముడి విడిపోయి జారింది. చుట్లు తక్కువ కావడం, ముడిని పూర్తిగా బిగించకపోవడం, మిగులు కొసను మరీ మొదలంటా కత్తిరించడం ఇందుకు కారణాలు. మెరుగుపరచిన క్లించ్ ముడిలో (కొసను గాలం కన్నులోంచి తీసి అసలు దారం చుట్టూ తిప్పి కట్టేది) మరొక పొరపాటు కూడా జరుగుతుంది: ఐదు చుట్లు తిప్పి, గాలం కన్ను పక్కనున్న చిన్న ఉచ్చులోంచి కొసను తీసిన తరువాత, దానివల్ల ఏర్పడే పెద్ద ఉచ్చులోంచి కూడా దూర్చాలన్నది తొందరలో మరచిపోతారు. ఆ చివరి మెట్టు వదలకుండా కట్టి, చుట్లు ఒకదాని పక్కన ఒకటి వరుసగా కూర్చున్నాయో లేదో చూసి, రెండు మూడు మిల్లీమీటర్ల కొస ఉంచి కత్తిరిస్తే సన్నని, మధ్యరకం తంగూసుకు ఈ ముడి చాలు.

అల్లిక దారం ఏ గాయమూ లేకుండా గాలం నుంచి ఊడి వచ్చింది

తంగూసు ముడి బిగిసినప్పుడు పోగు కొద్దిగా అణగి తనను తానే పట్టుకుంటుంది. అల్లిక దారానికి ఆ పట్టు లేదు. తంగూసుకు సరిపోయిన ఐదు చుట్ల క్లించ్ దీని మీద మెల్లగా జారిపోతుంది. దీనికి పాలోమర్ ముడి వేయాలని నా సలహా. సుమారు పదిహేను సెంటీమీటర్ల దారాన్ని మడిచి జంటగా గాలం కన్నులోంచి తీసి, ఆ జంటతోనే ఒక సాదా ముడి వదులుగా వేసి, చివరి ఉచ్చులోంచి గాలాన్ని మొత్తంగా దాటించి, ఉచ్చును కన్ను పైకి జరిపి, అసలు దారాన్నీ కొసనూ కలిపి లాగాలి. కన్నులో దారం రెండు పేటలుగా కూర్చుంటుంది కనుక జారడం అరుదు. జంట పేటలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడితే మాత్రం ఒకటి రెండోదాన్ని కోస్తుంది, కాబట్టి బిగించే ముందు వాటిని సమాంతరంగా సర్దాలి. మూడు కొక్కేల గాలాలు వేలాడే పెద్ద కృత్రిమ ఎరలను ఉచ్చులోంచి దాటించడం కష్టం. అక్కడ యూని ముడి (కొసను వెనక్కి మడిచి ఉచ్చు చేసి, ఆ ఉచ్చులోంచి అసలు దారం చుట్టూ తిప్పి బిగించేది) వేసి, తంగూసుకు వేసే ఐదారు చుట్లకు బదులు ఎనిమిది చుట్లు తిప్పాలి. కొసను అర సెంటీమీటరు ఉంచడం మేలు.

సరిగ్గా ముడి దగ్గరే తెగింది, ఆ పైన దారం తెల్లబారి వంకర్లు పోయింది

ఎక్కువమంది గుర్తించని తప్పు ఇదే, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. పొడి దారాన్ని ఒక్క విసురున బిగిస్తే చుట్ల మధ్య రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి పోగు ఉపరితలం దెబ్బతిని, ముడి పైకి అందంగా కనిపిస్తూనే లోపల బలం కోల్పోతుంది. ఈ ముప్పు ఫ్లోరోకార్బన్‌కు ఎక్కువ: తంగూసులో వాడే నైలాన్ 6 అనే రకం సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, ఫ్లోరోకార్బన్ దారానికి మూలమైన పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ సుమారు 170 డిగ్రీలకే కరుగుతుంది. గట్టిదనం వల్ల చుట్లు ఒత్తుగా కూర్చోకపోవడం కూడా దీనికి తోడవుతుంది. ఎంత తొందరలో ఉన్నా ముడిని నీటితోనో ఉమ్మితోనో బాగా తడిపి, మొదట మెల్లగా లాగి చుట్లను దగ్గరకు చేర్చి, మళ్లీ తడిపి, అప్పుడు గట్టిగా బిగించాలి. లాగుతుండగా దారం వేళ్ల మధ్య కిర్రుమంటే ఆ ముడిని నమ్మకుండా కోసేయడమే మంచిది. మందమైన ఫ్లోరోకార్బన్‌కు చుట్లు పెంచితే బలం పెరగదు, అవి బిగియవు. మూడు నాలుగు చుట్ల యూని సరిపోతుంది.

అల్లిక దారానికీ గాలం వైపు కట్టిన ఫ్లోరోకార్బన్ ముక్కకూ మధ్య అతుకు విడిపోతోంది

సన్నని, గట్టి అల్లిక దారం మందమైన పోగును కోస్తుంది లేదా దాని మీద జారుతుంది. నేర్చుకోవడానికి సులువైనది జంట యూని, అంటే ఒక్కో దారంతో రెండోదాని చుట్టూ ఒక యూని ముడి: అల్లిక దారం వైపు ఎనిమిది చుట్లు, రెండో వైపు నాలుగైదు చుట్లు. విసిరేటప్పుడు ఆ ముడి కడ్డీ మీది రింగులకు తగులుతుంటే ఎఫ్‌జీ ముడి నేర్చుకోవలసిందే. అందులో ఫ్లోరోకార్బన్‌కు ముడే పడదు. నిటారుగా ఉన్న దాని మీద అల్లిక దారాన్ని అటొకటి ఇటొకటిగా ఇరవై చుట్ల దాకా అల్లితే, లాగేకొద్దీ అల్లిక బిగుసుకొని పట్టేస్తుంది. ఒడ్డున గాలిలో కట్టడం కష్టం కనుక ఇంట్లోనే కట్టి తీసుకువెళ్లడం మంచిది.

ముడి చెక్కుచెదరలేదు, పైన ఎక్కడో తెగింది

ఇది ముడి లోపం కాదు. కొస గరుకుగా ఉంటే రాతికో, చేప పళ్లకో రాసుకుంది. నలిగిన మేర కత్తిరించి కొత్తగా కట్టాలి. ముడిది కాని తప్పు మరొకటి ఉంది: రీలు తిప్పుతున్నా దారం మొత్తం ఒక్క చుట్టగా జారుతుంటే, ఖాళీ రీలు మీద అల్లిక దారాన్ని నేరుగా చుట్టారన్నమాట. అడుగున కొంత తంగూసు వేస్తే పట్టు దొరుకుతుంది.

ఏ ముడి మీ దారానికి నప్పుతుందో అనుమానంగా ఉంటే, ఒక బారెడు దారాన్ని తడిపి, రెండు కొసలకూ రెండు రకాల ముళ్లతో రెండు ఇనుప రింగులు కట్టి లాగండి. బలహీనమైనది ముందు పోతుంది. గాలాలతో ఈ పరీక్ష చేయవద్దు, తెగినప్పుడు అవి ముఖం మీదికి ఎగిరి రావచ్చు. అల్లిక దారం వేళ్లను కోస్తుంది కనుక కర్రకు చుట్టి లాగాలి. ఒక్కసారితో తేల్చకుండా, అదే జతను నాలుగైదు సార్లు కొత్తగా కట్టి చూడాలి.